ముందు కాళ్ళు మారి వెనుక కాళ్ళు మారకపోతే: పోటీ గుర్రానికి ఫ్లయింగ్ చేంజ్ నేర్పే పద్ధతి

మహారాష్ట్రలోని దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల నుంచి, సరిహద్దుకు ఆవల తెలంగాణలోని మద్నూర్, జుక్కల్, బోధన్ వైపు నుంచి గుర్రాలు పెంచేవారు నన్ను ఏడాది పొడవునా అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. గుర్రం రెండు వైపులా క్యాంటర్ (మూడు గిట్ట దెబ్బల లయతో సాగే పరుగు) చేస్తుంది, కోరిన లీడ్ (ఆ పరుగులో ఎడమ లేదా కుడి పక్క కాళ్ళు ముందుండే వరుస) పట్టుకుంటుంది, కానీ ఆగకుండా పరుగులోనే లీడ్ మార్చమంటే ముందు కాళ్ళు మారుతాయి, వెనుక కాళ్ళు పాత వరుసలోనే ఉండిపోతాయి. రౌతు సంకేతాలకు గుర్రం నిర్ణీత కదలికలు చేసి చూపే డ్రెస్సేజ్ పోటీలో పరుగు ఆపకుండా చేసే ఈ మార్పునే ఫ్లయింగ్ చేంజ్ అంటారు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో అనుష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా జట్టుగా డ్రెస్సేజ్ స్వర్ణం గెలిచారు. 1982 ఢిల్లీ క్రీడల తరువాత గుర్రపు స్వారీలో దేశానికి వచ్చిన మొదటి స్వర్ణం అదే. అప్పటి నుంచి ఈ ప్రశ్న మరింత తరచుగా వస్తున్నందున, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కంటే వరుసగా రాసి పెట్టడం మేలనిపించింది.

మార్పు చెడిపోయేది మార్పు అడిగిన క్షణంలో కాదు, అంతకు ముందు పది అడుగుల క్యాంటర్‌లో. (క్యాంటర్‌లో అడుగు అంటే ఇక్కడ నాలుగు కాళ్ళూ ఒకసారి పడే పూర్తి చుట్టు, సుమారు మూడు మీటర్లు.) అందుకే ఈ వ్యాసంలో మార్పును అడగడం ఆరో మెట్టున గానీ రాదు. అంతవరకు ఓపిక పట్టలేని వారు ఈ పని మొదలుపెట్టకుండా ఉంటే గుర్రానికి మేలు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

గుర్రానికి ఆరో ఏడు నడుస్తూ ఉండాలి. అమ్మినవారు చెప్పిన వయసును నమ్మకుండా నోరు చూడండి. అయిదేళ్ళకు ముందరి కోతపళ్ళన్నీ శాశ్వతమైనవి వచ్చి ఉంటాయి. పళ్ళ అంచులు పదునెక్కి బుగ్గలను కోస్తున్నాయేమో పశువైద్యునితో చూపించండి, ఎందుకంటే నోటి నొప్పి ఉన్న గుర్రం పగ్గం తగిలినప్పుడల్లా తల ఎత్తుతుంది, తల ఎత్తిన గుర్రానికి వెన్ను కుంగుతుంది, వెన్ను కుంగితే వెనుక కాళ్ళు పొట్ట కిందికి రావు.

రౌతుకు హెల్మెట్, మడమ ఉన్న బూట్లు ఉండాలి. రికాబులు లేకుండా పది నిమిషాలు క్యాంటర్‌లో పగ్గాలకు వేలాడకుండా కూర్చోగలగాలి. అది చేతకాకపోతే ముందు ఆ పని పూర్తి చేసుకోండి.

కళ్ళెం సాదా స్నాఫిల్ (నోట్లో నునుపైన కడ్డీ, రెండు చివర్లా ఉంగరాలు మాత్రమే ఉండేది) అయి ఉండాలి. మన ప్రాంతపు పెళ్ళి ఊరేగింపుల్లో వాడే ముళ్ళ లగాం దీనికి పనికిరాదు. అలాంటి ముళ్ళ కళ్ళేలను 1965 నాటి జంతు హింస నివారణ నియమాలు నిషేధించాయి కూడా. ముక్కు పట్టీకీ ముక్కు ఎముకకూ మధ్య రెండు వేళ్ళు దూరాలి. జీను భుజం ఎముక మీద ఎక్కకూడదు. పని అయ్యాక జీను తీసి చూస్తే వీపు మీద చెమట రెండు వైపులా సమంగా ఉండాలి. మధ్యలో అరచేయంత పొడి మచ్చ కనిపిస్తే అక్కడ జీను నొక్కుతోందని అర్థం.

వీటికి తోడు నేల మీద నిలబడి చూసే మనిషి ఒకరు, నిదానంగా చూపించే వీడియో తీయగల ఫోను ఒకటి కావాలి. ఈ రెండూ లేకుండా ఎవరూ ఈ పని చేయవద్దు, ఎందుకంటే జీను మీద కూర్చున్న రౌతుకు వెనుక కాళ్ళు మారాయో లేదో మొదట్లో తెలియదు.

1. నేలను సరిచేసి గీయండి

మన నల్లరేగడి మీద నేరుగా ఈ పని చేయకూడదు. వానాకాలంలో గిట్టకు అంటుకుని లాడాన్ని లాగేస్తుంది, వేసవిలో నెర్రెలు విచ్చి కాలు దూరేంత సందులు పడతాయి. పైమట్టి తీసి, మొరం పోసి, రోలర్‌తో గట్టిగా తొక్కించి, దాని మీద ఆరేడు సెంటీమీటర్ల ఇసుక పరిస్తే సరిపోతుంది. ఇసుక అంతకంటే లోతైతే కాళ్ళ స్నాయువుల (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్ళ) మీద భారం పడుతుంది. పని మొదలుపెట్టే ముందు నీళ్ళు చల్లి, పలక లాగి చదును చేయండి. చదునైన తడి ఇసుక మీద గిట్టల గుర్తులు స్పష్టంగా పడతాయి, అవి తరువాత అక్కరకు వస్తాయి.

పోటీ మైదానం 20 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు ఉంటుంది. మూలలు లంబంగా వచ్చాయో లేదో తెలుసుకోవడానికి ఎదురెదురు మూలల మధ్య తాడు పట్టి కొలవండి. రెండు వైపులా 63 మీటర్ల 25 సెంటీమీటర్లు వస్తే మైదానం సరిగ్గా ఉన్నట్లే. చోట్లను గుర్తించడానికి మైదానం చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు పెడతారు. పొడవు పక్కల మీద మొదటి అక్షరం మూల నుంచి 6 మీటర్ల దూరంలో, మిగిలినవి 12 మీటర్లకొకటి చొప్పున వస్తాయి. ప్రవేశద్వారం దగ్గర 'ఏ', ఎదురుగా 'సీ'. 'ఏ' దగ్గర నిలబడి 'సీ' వైపు చూస్తే ఎడమ పక్కన కే, వీ, ఈ, ఎస్, హెచ్. కుడి పక్కన ఎఫ్, పీ, బీ, ఆర్, ఎం. పాత నూనె డబ్బాల మీద అక్షరాలు రాసి పెట్టుకోవచ్చు. గీతలకు సున్నం వాడకండి, గుర్రం కంట్లో పడితే మంట పుడుతుంది. ముగ్గు పిండి చాలు. అంత స్థలం లేనివారు 20, 40 మీటర్ల చిన్న మైదానంలో అయిదో మెట్టు వరకు నిశ్చింతగా వెళ్ళవచ్చు.

2. క్యాంటర్‌ను బాగుచేయండి

ఇక్కడే ఎక్కువ కాలం పడుతుంది. మంచి క్యాంటర్‌లో మూడు దెబ్బలు వినిపించి, ఆ తరువాత నాలుగు కాళ్ళూ గాలిలో ఉండే ఒక చిన్న విరామం వస్తుంది. ఎడమ లీడ్‌లో మొదట కుడి వెనుక కాలు, తరువాత ఎడమ వెనుక కాలూ కుడి ముందు కాలూ కలిసి, చివరకు ఎడమ ముందు కాలు నేల తాకుతాయి. మార్పు జరిగేది ఆ గాలిలో ఉండే విరామంలోనే. విరామం లేని క్యాంటర్‌లో మార్పుకు చోటే ఉండదు.

కళ్ళు మూసుకుని దెబ్బలు వినండి. నాలుగు వినిపిస్తే గుర్రం మరీ నెమ్మదిగా, బలం లేకుండా కదులుతోందని అర్థం. పగ్గాలు కొద్దిగా వదులు చేసి, కాలితో ముందుకు తోయండి. పొడవు పక్క మీద ఆరు అడుగులు సాగనివ్వండి, ఆరు అడుగులు కుదించండి. కుదించేటప్పుడు చేతితో లాగకుండా, మీ నడుమును ఒక్క క్షణం బిగించి వదలడంతో గుర్రం పొట్టి అడుగులోకి రావాలి. దీన్నే హాఫ్ హాల్ట్ అంటారు. సాగడం, కుదించడం రెండింటిలోనూ లయ మారకూడదు.

నాందేడ్ జిల్లాలోని మాళేగావ్ ఖండోబా జాతరలో కొన్న గుర్రాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే నన్ను అడిగేవారిలో సగం మంది గుర్రాలు అక్కడివే. ఆ జాతరకు వచ్చే మార్వాడీ, కాఠియావాడీ గుర్రాల్లో చాలా వాటికి రేవాల్ చాల పుట్టుకతోనే ఉంటుంది, అంటే ఒకే పక్క కాళ్ళు జంటగా కదిలే సుఖమైన నడక. కొనేవారిని మెప్పించడానికి వాటిలో కొన్నింటికి తల పైకి కట్టి, కాళ్ళు ఎత్తి తొక్కే నాట్యం కూడా నేర్పుతారు. చూడటానికి అది ఎంత ముచ్చటగా ఉన్నా, వెన్ను కుంగిపోయి ఉంటుంది. అలాంటి గుర్రాన్ని నేరుగా ఫ్లయింగ్ చేంజ్‌కు తీసుకురావద్దు. నాలుగైదు నెలల పాటు మెడను కిందికి, ముందుకు చాచనిస్తూ పెద్ద వలయాల్లో ట్రాట్ (నడకకూ క్యాంటర్‌కూ మధ్య ఉండే రెండు దెబ్బల పరుగు), నేల మీద పరిచిన దుంగల మీదుగా నడక, పొలం గట్ల వెంట ఎత్తుపల్లాల్లో నడక చేయించండి. నేనూ మొదట్లో ఒక నల్ల మార్వాడీ విషయంలో ఈ కాలాన్ని ఆదా చేయబోయి, దాని వెన్ను నొప్పి తగ్గించడానికి అంతకు రెట్టింపు కాలం పోగొట్టుకున్నాను. ఈ గుర్రాలు తెలివైనవి, చురుకైనవి, అడిగింది వెంటనే ఇవ్వాలని చూస్తాయి. ఆ గుణమే వాటిని తొందరపడి పాడుచేయడానికి వీలిస్తోంది.

3. సింపుల్ చేంజ్ స్థిరపరచండి

క్యాంటర్ నుంచి నేరుగా నడకకు రావాలి, మూడు నుంచి అయిదు స్పష్టమైన నడక అడుగులు వేయాలి, అక్కడి నుంచి నేరుగా రెండో లీడ్‌లో క్యాంటర్ ఎత్తుకోవాలి. మధ్యలో ట్రాట్ అడుగు ఒక్కటి కూడా రాకూడదు. వరుసగా పది సార్లలో ఎనిమిది సార్లు ఇది శుభ్రంగా వస్తే ముందుకు సాగండి. నడక నుంచి క్యాంటర్ ఎత్తుకునే ఆ క్షణంలో గుర్రం మీ కాలికి ఎంత వెంటనే పలుకుతుందో, ఫ్లయింగ్ చేంజ్‌లోనూ అంతే పలుకుతుంది.

4. కౌంటర్ క్యాంటర్

ఎడమ లీడ్‌లో ఉంటూనే కుడి వైపు వలయం తిరగడం కౌంటర్ క్యాంటర్. గుర్రం మీ అనుమతి లేకుండా లీడ్ మార్చకూడదని ఇది నేర్పుతుంది. మొదట పొడవు పక్క మీద గోడ నుంచి మూడు మీటర్లు లోపలికి వచ్చి తిరిగి గోడకు చేరండి. తరువాత మైదానం చివరి వంపు, ఆ తరువాత 20 మీటర్ల వలయం. మీ కాళ్ళు, తుంట్లు మొదట ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి; వంపు తిరుగుతున్నాం కదా అని తుంటిని మార్చితే గుర్రం దాన్ని మార్పు సంకేతంగా తీసుకుంటుంది.

ఇక్కడొక జాగ్రత్త. గుర్రం కౌంటర్ క్యాంటర్‌లో తనంతట తానే లీడ్ మార్చితే కొట్టకండి, లాగకండి. నిశ్శబ్దంగా నడకకు తెచ్చి మళ్ళీ మొదలుపెట్టండి. నేడు శిక్షించిన మార్పునే రేపు మీరు అడగబోతున్నారు. శిక్ష గుర్తున్న గుర్రం అప్పుడు భయంతో బిగుసుకుంటుంది.

5. రౌతు నేల మీద నేర్చుకోవలసింది

దీన్ని అందరూ దాటవేస్తారు. పిల్లలు గుర్రమాట ఆడుతూ ఒక కాలు ముందు వేసి ఎగురుతూ పరుగెత్తుతారే, అలా ఎడమ కాలు ముందుంచి ఇరవై అడుగులు వెళ్ళండి, ఎగిరిన క్షణంలో కాళ్ళు మార్చి కుడి కాలు ముందుకు తెండి. గాలిలో ఉన్నప్పుడు తప్ప మార్చలేరని మీ శరీరానికే తెలుస్తుంది. తరువాత జీను మీద, సాధారణ క్యాంటర్‌లో, "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కించండి. లీడ్ పట్టిన ముందు కాలు నేల తాకినప్పుడు "మూడు" రావాలి. నేల మీది మనిషి మీ లెక్క సరిగ్గా ఉందో లేదో చెప్పాలి. ఆ "మూడు" దగ్గరే మీరు సంకేతం ఇవ్వబోతున్నారు. లెక్క తప్పకుండా రెండు చుట్లు తిరిగే వరకు ఆరో మెట్టుకు వెళ్ళవద్దు.

6. మొదటి మార్పు

చల్లని వేళ, గుర్రం ఉల్లాసంగా ఉన్న రోజు చూసుకోండి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిది గంటలలోపే ముగించాలి. పదిహేను నిమిషాల నడక, పది నిమిషాల ట్రాట్, కొన్ని సింపుల్ చేంజ్‌లు అయ్యాక మొదలుపెట్టండి.

చాలా గుర్రాలకు ఎడమ నుంచి కుడికి మార్చడమో, కుడి నుంచి ఎడమకు మార్చడమో ఏదో ఒకటి సులువుగా ఉంటుంది. సింపుల్ చేంజ్‌లో ఏ లీడ్‌ను వెంటనే ఎత్తుకుంటుందో, మొదట ఆ లీడ్‌లోకి మార్చమని అడగండి. ఎడమ నుంచి కుడికి అయితే ఇలా చేయాలి.

ఎడమ లీడ్‌లో ఎఫ్ దగ్గర మలుపు తిరిగి, పొట్టి వికర్ణం (మైదానాన్ని ఏటవాలుగా దాటే గీత) మీద ఎదుటి పక్కన ఉన్న 'ఈ' అక్షరం వైపు రండి. ఆ దూరం సుమారు 31 మీటర్లు, అంటే దాదాపు పది అడుగులు. మొదటి నాలుగు అడుగుల్లో గుర్రం మెడను తిన్నగా చేయండి. మార్పు చెడటానికి అతి సాధారణ కారణం రౌతు మెడను కొత్త వైపుకు ముందే లాగడం. అలా లాగితే ఆ పక్క భుజం బరువెక్కి, వెనుక కాలు ముందుకు రాలేదు. ఏడో అడుగు దగ్గర హాఫ్ హాల్ట్ ఇవ్వండి. గోడకు రెండు మూడు అడుగులు ఉందనగా, "మూడు" దెబ్బ మీద, కుడి కాలిని తంగు (జీనును పొట్ట కింద బిగించే పట్టీ) దగ్గరికి తెచ్చి, ఎడమ కాలిని ఒక అరచేయంత వెనక్కు జరిపి ఒత్తండి, కుడి తుంటిని కొద్దిగా ముందుకు పోనివ్వండి. కుడి లీడ్ మొదలయ్యేది గుర్రం ఎడమ వెనుక కాలితో గనుక మీ ఎడమ కాలే అసలు సంకేతం. అదే క్షణంలో కుడి చేతిని పిడికిలి వెడల్పు ముందుకు వదలండి. శరీరాన్ని పక్కకు ఊపకండి, కిందికి చూడకండి.

మార్పు వస్తే వెంటనే మెడ తట్టి, పగ్గాలు వదిలి నడవనివ్వండి. మరొక్కసారి అడిగి, అది కూడా వస్తే ఆ రోజుకు జీను దించేయండి. మొదటి నెలలో వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు మార్పులకు మించవద్దు. కుడి నుంచి ఎడమకు అయితే కే నుంచి బీ వైపు వికర్ణం పట్టి, కాళ్ళు తారుమారు చేయండి.

అలా రాకపోతే వేరే దారులు

అన్నింటికంటే మెత్తని దారి కౌంటర్ క్యాంటర్‌లో 20 మీటర్ల వలయం తిరుగుతూ, గోడను తాకే చోట సరైన లీడ్‌లోకి మార్చమని అడగడం; గుర్రానికి సమతూకం కోసం మారాలనే కోరిక అప్పటికే ఉంటుంది. హాఫ్ పాస్ (ముందుకూ పక్కకూ కలిపి ఏటవాలుగా కదలడం) వచ్చిన గుర్రమైతే వికర్ణంగా గోడ వైపు నాలుగైదు అడుగులు హాఫ్ పాస్ చేయించి, తిన్నగా చేసి, గోడ దగ్గర మార్చండి. నేల మీద దుంగ వేసి దాని మీదుగా దూకించి మార్పించే పద్ధతిని కొందరు ఇష్టపడతారు. అతి సోమరి గుర్రానికి రెండు మూడు సార్లు అది పనికొస్తుంది గానీ, చురుకైన మార్వాడీకి వద్దు. దుంగ లేకపోతే మారకపోవడమో, దుంగ చూడగానే పరుగెత్తడమో అలవాటవుతుంది.

7. వరుస మార్పులు

ఒక్కో మార్పు రెండు వైపులా సమంగా, మైదానంలో ఏ చోట అడిగినా వచ్చిన తరువాతే ఈ మెట్టు. అంతర్జాతీయ డ్రెస్సేజ్ పోటీల్లో ఒక స్థాయి అయిన ప్రీ సెయింట్ జార్జ్ పరీక్షలో ఒక వికర్ణం మీద నాలుగు అడుగులకొకటి చొప్పున అయిదు మార్పులు, మరో వికర్ణం మీద మూడు అడుగులకొకటి చొప్పున అయిదు మార్పులు అడుగుతారు. దానికి రావడానికి ముందు ఎనిమిది అడుగులకు ఒకటి, తరువాత ఆరుకు ఒకటి చొప్పున రెండు మార్పులే చేయించండి.

ఇక్కడ లెక్క తెలిసి ఉండాలి. అయిదు మార్పుల మధ్య నాలుగు విరామాలు, ఒక్కో విరామం నాలుగు అడుగులు, మొత్తం పదహారు అడుగులు. అడుగు మూడు మీటర్లైతే 48 మీటర్లు అవుతుంది. ఎం నుంచి కే వరకు వికర్ణం 52 మీటర్లే. అంటే అడుగు కుదించకపోతే వికర్ణం మీద తిన్నగా నిలబడటానికి కూడా చోటు మిగలదు. రెండో మెట్టులో కుదించడం మీద అంత పట్టుపట్టమన్నది ఇందుకే.

తరచుగా జరిగే పొరపాట్లు

ముందు కాళ్ళు మారి, వెనుక కాళ్ళు ఒక అడుగు ఆలస్యంగా మారడం అన్నింటికంటే ఎక్కువ. సంకేతం ఆలస్యమవడం, క్యాంటర్‌లో విరామం లేకపోవడం, నొప్పి, ఈ మూడింటిలో ఒకటి కారణం. "మూడు" దెబ్బ లెక్క సరిచూసుకోండి, తరువాత నాలుగు రోజులు మార్పు అడగకుండా సాగించడం, కుదించడం చేయండి. అప్పటికీ ఒక్క వైపు మాత్రమే ఆలస్యమవుతుంటే వెనుక మోకాలు, నడుము, జీను పశువైద్యునికి చూపించండి. నా అనుభవంలో ఒక వైపే పట్టుబట్టి ఆలస్యం చేసే గుర్రం మొండితనంతో చేసింది అరుదు.

మారిన తరువాత ఉరకడం భయానికి గుర్తు. మార్పు అయిన మూడో అడుగులో నడకకు తెచ్చి తినడానికి ఏదైనా ఇవ్వండి. కొన్నాళ్ళకు మార్పు తరువాత ఆగుతామని గుర్రం ఎదురుచూస్తుంది. అదే చోట మళ్ళీ మళ్ళీ అడిగితే గుర్రం ముందే మార్చేస్తుంది, కాబట్టి అదే వికర్ణం మీద రెండు సార్లు కౌంటర్ క్యాంటర్ చేసి ఒక్కసారి మాత్రమే మార్చండి. మార్పులో పిర్ర పైకి లేస్తే సంకేతం మరీ బలంగా ఉందని, లేదా స్పర్ (బూటు మడమకు కట్టే లోహపు మొన) గుచ్చుకుంటోందేమోనని చూడండి. గుర్రం ఎడమకూ కుడికీ ఊగితే ఆ ఊపు మీ శరీరంలోనే మొదలవుతోంది; పగ్గాలు ఒక చేత్తో పట్టి రెండో చేతిని తొడ మీద ఉంచి చేసి చూడండి.

ఫలితాన్ని సరిచూసుకోవడం

ఎడమ వెనుక కాలి బూటుకు ఎర్ర టేపు, కుడి వెనుక కాలి బూటుకు తెల్ల టేపు అంటించండి. వికర్ణం మధ్యకు సూటిగా, పక్క నుంచి ఫోనుతో నిదానపు వీడియో తీయించండి. కుడి లీడ్‌కు మారినప్పుడు గాలి విరామం తరువాత మొట్టమొదట నేల తాకేది ఎర్ర టేపు కాలు అయి ఉండాలి. వేరే ఏ కాలు తాకినా ఆ మార్పు తప్పే, జీను మీద ఎంత మెత్తగా అనిపించినా సరే. తరువాత ఇసుక మీది గుర్తులు చూడండి. వెనుక గిట్టల జాడ ముందు గిట్టల జాడతో ఒకే గీతలో ఉంటే గుర్రం తిన్నగా ఉంది, ఒక పక్కకు జరిగితే ఆ పక్కకు తుంటి పారిపోతోంది.

పని ఆపిన పదిహేను నిమిషాలకు గుండె నిమిషానికి 60 కంటే తక్కువకు రావాలి. ఎడమ మోచేయి వెనుక చెవి పెట్టి, లేదా దవడ కింద నాడి పట్టి లెక్కించవచ్చు. రాకపోతే మరుసటి రోజు పని సగానికి తగ్గించండి. ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ, నడిపిస్తూ చల్లార్చండి. పని చేసిన గుర్రానికి వెంటనే నీళ్ళు ఇవ్వకూడదని మన పల్లెల్లో ఇంకా అంటారు. దాహంతో నిలబెట్టడమే హాని, ఇవ్వండి.

పోటీకి బయలుదేరే ముందు

పుణె వెళ్ళినా, సరిహద్దు దాటి హైదరాబాదు వెళ్ళినా గ్లాండర్స్ (గుర్రాలకు వచ్చే, మనుషులకూ సోకగల అంటువ్యాధి) పరీక్ష నివేదిక, పశువైద్యుని ఆరోగ్య ధ్రువపత్రం వెంట ఉండాలి. రక్త నమూనా హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం వరకు వెళ్ళవలసి రావచ్చు గనుక నెల ముందే పంపించండి. రెండు రోజుల ముందు చేరుకుని, మొదటి రోజు చేతితో నడిపించి మైదానం చూపించండి. పోటీ ఉదయం సన్నాహక మైదానంలో ఒక్కో వైపు ఒక్క మార్పు చాలు. అది చెడినా అక్కడ దిద్దడానికి కూర్చోకండి. పొడవు పక్క మీద సాగించి, కుదించి, క్యాంటర్‌లో మూడు దెబ్బలూ ఆ విరామమూ తిరిగి వినిపించాక లోపలికి వెళ్ళండి.